గడప మీద గుర్రం

రాజం కూర్చోడు.

కువైట్ నుంచి వచ్చి ఇరవై రోజులైంది. ఇంట్లోకి కొత్తగా రెండు కుర్చీలు వచ్చాయి. ఒకదాని మీద టేప్‌రికార్డర్ ఉంది. రెండోది ఖాళీగా ఉంది. అతను వాకిట్లోంచి దొడ్లోకి, దొడ్లోంచి వాకిట్లోకి తిరుగుతాడు. బావి దగ్గర ఆగుతాడు. లోపలికి తొంగిచూస్తాడు. మళ్ళీ వస్తాడు.

"నాలుగేండ్లు నడిచింది సాలలేదా? జర కూసో" అంటుంది కమలవ్వ. ఆమె ఒళ్ళో చాట ఉంటుంది. చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు. చేతులు చూడకుండానే బీడీ చుడతాయి. కళ్ళు మాత్రం మొగుడి కాళ్ళ వెంట తిరుగుతాయి.

"కూసుంట" అంటాడు. కూర్చోడు.

అది 1986 ఎండాకాలం. హుజూరాబాద్‌లో మధ్యాహ్నం గాలి లేదు. తల్లి వీపు చాటున స్వరూప ఉంది. అయిదేళ్ళ పిల్ల. రాజం పోయేటప్పటికి ఉయ్యాలలో ఉంది. ఇప్పుడతన్ని దుబాయాయన అంటుంది. ఈ వాడలో ఎవరు ఏ దేశం పోయినా దుబాయే.

"బాపు అనవే" అని కమలవ్వ మందలించింది.

"బాపు ఫోటుల ఉన్నడు" అంది పిల్ల.

గోడ మీద ఫోటో ఉంది. ఫోటోలో రాజానికి మీసం ఉంది. ఇప్పుడు లేదు.

సెలవు రెండు నెలలు. వాపసు టికెట్ జూన్ పన్నెండుది. కానీ రాజం పోవద్దనుకున్నాడు. ఎవరితోనూ అనలేదు. భార్యతో కూడా అనలేదు. పోవద్దని చెప్పింది మనిషైతే పేరు చెప్పేవాడు. చెప్పింది ఒక పుస్తకం.

*

కువైట్‌లో అతను జపాను ఇంజనీర్లుండే క్యాంపులో గదులూడ్చేవాడు, మెస్సులో బల్లలు తుడిచేవాడు. ఒక ఇంజనీరు తన దేశం పోతూ పాత పుస్తకాల కట్ట ఒకటి తలుపు బయట పడేశాడు. అన్నీ చెత్తబండిలో వేసి, ఒకటి ఉంచుకున్నాడు రాజం. ఇటుకంత మందం. ముతక కాగితం. పుట నిండా డబ్బాలు, డబ్బాకొక బొమ్మ. బొమ్మల పక్కన చీమల్లాంటి అక్షరాలు. రాజం తెలుగులో అయిదో తరగతి దాకా చదివాడు. అక్షరాలు వదిలేసి బొమ్మలు పట్టుకున్నాడు.

శుక్రవారం సెలవు. నాలుగేళ్ళు ప్రతి శుక్రవారం అతను ఆ పుస్తకం చదివాడు.

మొదటి పుటలో సముద్రం. సముద్రం తప్ప ఏమీ లేదు. తర్వాత ఇసుకలో కూర్చున్న ముసలివాడు. తెల్లగడ్డం. ఒంటరి. తర్వాత అతను నడుస్తుంటాడు. ఊళ్ళు, వంతెనలు, కొండ. కొండ మీద మంచు. మంచులో పడి ఉన్న గుర్రం. గుర్రం చెవి ఒకటి చిరిగి ఉంటుంది. ముసలివాడు దాని మెడ మీద చెయ్యి వేస్తాడు. తర్వాతి పుటలో గుర్రం లేచి నిలబడుతుంది. కుంటుతుంది. ఆ తర్వాత కుంటడం మానేస్తుంది. పోనుపోను అతని గడ్డం నల్లబడుతుంది, వీపు నిటారవుతుంది. ఆఖరి పుటలో ఒక ఇల్లు. వాకిట్లో ఒక ఆడమనిషి. దర్వాజలో అతను, అతని భుజాల మీద చిన్నపిల్ల.

కొన్ని సంగతులు రాజానికి అర్థం కాలేదు. ఒకచోట పగిలిన కుండ తర్వాతి డబ్బాలో బాగుంది. అది వేరే కుండ అనుకున్నాడు. మనిషి పడుచువాడెట్లా అయ్యాడు? దానికి జవాబు తనే చెప్పుకున్నాడు. ఇల్లు దగ్గరపడుతోంది, అందుకని.

ఆఖరి పుట తర్వాత పుటలు లేవు. అంటే ఇంట్లోకి వచ్చినవాడు మళ్ళీ బయటికి పోలేదు. రాజం అట్లా లెక్కేసుకున్నాడు. ఆ లెక్క మీదే సెలవు పెట్టాడు.

రావడానికి ఆరు నెలల ముందు ఒక సంగతి జరిగింది. మెస్సులో టీవీ నడుస్తోంది. అరబ్బీలో బొమ్మల సినిమా. రాజం గిన్నె పట్టుకుని లేచి నిలబడ్డాడు. తెర మీద చెవి చిరిగిన గుర్రం! అదే గుర్రం, రంగుల్లో. వారానికొకసారి వచ్చేది. రాజం డ్యూటీ ఆ గంటకే ఉండేది. గిన్నెలు తీస్తూ, బల్లలు తుడుస్తూ తలెత్తినప్పుడు గుర్రం మాత్రం కనపడేది. ఆఖరి భాగం చూడనేలేదు. క్యాసెట్ల దుకాణానికి పోయి, చెవి పట్టుకుని చింపినట్టు చేసి చూపించి, సకిలించి, ఆ క్యాసెట్ కొన్నాడు. దానితో పాటు ఒక వీసీఆర్.

ఇంట్లో టీవీ లేదు. టీవీ తారాబాయి ఇంట్లో ఉంది.

*

తారాబాయి దొరసాని. సొంత ఊళ్ళో దొరల మీద కూలీ సంఘాలు లేచాక భర్తతో పాటు ఊరు విడిచి హుజూరాబాద్ వచ్చింది. భర్త చనిపోయి రెండేళ్ళు. ఊళ్ళో ఉన్నప్పుడు రాజం తల్లి ఆమె ఇంట్లో అంట్లు తోమేది. తారాబాయికి అరవై దాటాయి, నడుం వంగలేదు, మాట వంగలేదు.

"టీవీ సంగతి తర్వాత. ముందు గా పుస్తకం చూపియ్" అంది.

ఆమె చిన్నప్పుడు పుట్టింటి గడీలో పరదా అవతల మౌల్వీ కూర్చుని ఉర్దూ చెప్పేవాడు, ఇవతల ఆడపిల్లలు కూర్చుని నేర్చుకునేవారు. తెలుగు అక్షరాలు పెళ్ళయ్యాక తనంతట తను కూడబలుక్కుంది. కళ్ళద్దాలు పెట్టుకుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఉర్దూ పుస్తకం తెరిచినట్టు కుడివైపు అట్ట తెరిచింది.

"గటు కాదు దొరసాని. గది ఆఖరు."

"ఆఖరెట్లయితదిరా? పెద్దక్షరాలు ఈడున్నయి. రంగుబొమ్మ ఈడున్నది."

"గది ఎనక అట్ట అనుకున్న."

ఆమె పుటలు తిప్పింది. కుడి నుంచి ఎడమకు, డబ్బా తర్వాత డబ్బా, వేలు పెట్టి. రాజం నిలబడి ఉన్నాడు. ఆమె వేలు వెనక్కి నడుస్తున్నట్టుంది అతనికి.

"వీడు ఇల్లిడిచి పోతుండు" అంది.

"లే దొరసాని. ఇంటికొచ్చిండు. బిడ్డను భుజం మీదెక్కిచ్చుకున్నడు."

"చెప్పులు చూడు. మొనలు ఎటున్నయి?"

రాజం వంగి చూశాడు. దర్వాజలో నిలబడ్డ మనిషి చెప్పుల మొనలు బయటికి ఉన్నాయి.

"లోపలికి వచ్చి, మల్లోసారి తొవ్వ దిక్కు చూస్తుండనుకున్న."

"నాలుగేండ్లు చూసినవ్. అరబ్బు దేశంల ఉండొచ్చినవ్. ఆళ్ళు పేపరు ఎటు తిప్పుతరో కండ్లబడలేదా?"

"గది అరబ్బోళ్ళది. ఇది జపానోళ్ళది. ఈళ్ళు గూడ గట్లనే తిప్పుతరని నాకెవరు చెప్పిండ్రు?"

తారాబాయి నవ్వింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ నవ్వింది. రాజం నవ్వలేదు. ఆమె మళ్ళీ పుటలు తిప్పింది. కొండ వచ్చింది, మంచు వచ్చింది. గుర్రం కుంటింది. పడింది. కుండ పగిలింది. మనిషి గడ్డం తెల్లబడింది.

"సముద్రం కాడ కూసున్నడు" అంది. పుట తిప్పింది. "ఇగో, వాడు గూడ లేడు. వట్టి సముద్రం."

"వాపస్ రాడా?"

"ఈడైతే రాలే."

ఫ్యాను తిరుగుతోంది. రాజం గోడకానుకున్నాడు. వెంటనే ముందుకు జరిగాడు.

"నేను పోవద్దనుకున్న దొరసాని. టికెట్ చింపుదామనుకున్న."

"గీ పుస్తకం చూసా?"

"అవ్."

తారాబాయి పుస్తకం మూసింది. ఈసారి నవ్వలేదు.

"ఆదివారం వీసీఆర్ పట్టుకరా. టీవీల ఏం చేసిండ్రో చూద్దాం."

*

ఆ నాలుగు రోజులు రాజం పుస్తకం కుడి నుంచి చూశాడు. ఎడమ నుంచి చూశాడు. కుడి నుంచి చూస్తే గుర్రం చస్తుంది. ఎడమ నుంచి చూస్తే లేస్తుంది. బొమ్మలు అవే. గీత ఒక్కటి మారలేదు. ఎడమ నుంచి చూడటం ఇక కుదరలేదు. వేలు మధ్యలో ఆగిపోయేది. చెప్పుల మొనలు గుర్తొచ్చేవి.

పెట్టె సర్దాడు. విప్పాడు. అంగీలు దండెం మీద వేశాడు. మళ్ళీ తీసి మడత పెట్టాడు. బస్టాండు దాకా పోయి, బొంబాయి పోయే బస్సు కరీంనగర్‌లో ఎన్నింటికని అడిగి, చెప్పేలోపే తిరిగొచ్చాడు.

"పోతవా? ఉంటవా?" అంది కమలవ్వ. బీడీకి దారం చుడుతూ అంది. "పెట్టె కడుతున్నవ్, విప్పుతున్నవ్. గా తాళం పానం పోతది."

"సూస్త."

"ఏం సూస్తవ్?"

"ఆదివారం టీవీల సూస్త."

కమలవ్వ చేతిలో బీడీ ఆగింది. పక్కింటి ఐలవ్వ వైపు తిరిగింది. ఐలవ్వ కూడా చాట ముందు పెట్టుకుని అక్కడే కూర్చుంది.

"విన్నవా అక్కా? మొగడు పోవుడు ఉండుడు ఢిల్లీ వార్తలల్ల చెప్తరట."

"అయితే నేనుగూడ వస్త" అంది ఐలవ్వ. "మా ఆయన సంగతి గూడ చెప్తరేమో అడుగుత."

*

ఆదివారం మధ్యాహ్నం తారాబాయి హాలు నిండింది. ఆడవాళ్ళు చాటలతోనే వచ్చారు. రాజం తీగలు కలిపాడు.

"కుర్చీల కూసో" అంది తారాబాయి.

ఆ ఇంట్లో అతని తల్లి ఎప్పుడూ నేల మీదే కూర్చుంది. రాజం కుర్చీని చూశాడు. నేలను చూశాడు. దర్వాజ దగ్గర నిలబడ్డాడు.

బొమ్మ మొదలైంది. మాట అరబ్బీ. ఒక్కరికీ ఒక్క ముక్క తెలియదు. ఎవరికీ ఫికర్ లేదు.

కొండదారి. గుర్రాన్ని పట్టుకుని మనిషి వస్తున్నాడు. గుర్రం వీపుకు రెండు వైపులా రెండు గంపలు. ఒక గంప ఖాళీ. ఇంకో గంపలోంచి చిన్నపిల్ల తల బయటికొచ్చింది.

"గీ పిల్ల ఇంటికాడ ఉండాలె" అన్నాడు రాజం. "పుస్తకంల గంపలుండవ్."

పిల్ల పక్క నుంచి ఒక బాతు మెడ చాపింది.

"గీ బాతేంది? పుస్తకంల బాతే లేదు."

బాతు గుర్రం చెవిలో ఏదో అంది. గుర్రం జవాబిచ్చింది.

"పుస్తకంల గుర్రం మాట్లాడది!"

"ఓ దుబాయాయనా, జర ఊకో" అంది ఐలవ్వ. "నీ పుస్తకం నువ్వు సూసుకో. మా బాతును మేం సూస్తం."

హాలంతా నవ్వింది. రాజం నోరు మూశాడు. బాతు వంతెన మీద సిపాయి టోపీ ఎత్తుకుపోయింది, టోపీలో గుడ్డు పెట్టి తెచ్చి ఇచ్చింది. సిపాయి చూసుకోకుండా టోపీ పెట్టుకున్నాడు. సొన ముఖం మీద కారింది. రాజానికి నవ్వొచ్చింది. తల అటు తిప్పుకున్నాడు. పుస్తకంలో ఆ వంతెన దగ్గర వాన పడుతుంటుంది. మనిషి ఒక్కడే ఉంటాడు. రాజానికి ఆ వాన బాగా తెలుసు.

మంచు వచ్చింది. పాట ఆగింది. గుర్రం కుంటింది.

రాజం చెయ్యి దర్వాజ చట్రాన్ని పట్టుకుంది. గుర్రం ముందుకాళ్ళ మీద వంగింది. పక్కకు ఒరిగింది. మంచు దాని కళ్ళ మీద పడుతోంది. అచ్చం ఆ పుటే.

కరెంటు పోయింది.

బొమ్మ చిన్న చుక్కయి ఆరిపోయింది. ఫ్యాను నెమ్మదించి ఆగింది. "అయ్యో" అన్నారు అందరూ. బీడీలు చుట్టేవాళ్ళు చుట్టడం మరిచిపోయారు.

"గుర్రం బతుకుతదా?" అంది ఐలవ్వ. "నువ్వు సదివినవ్ గదా, చెప్పు."

"బతుకుతది" అన్నాడు రాజం.

"చస్తది" అంది తారాబాయి.

ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

"ఇద్దరిది ఒక్క పుస్తకమేనా?" అంది ఐలవ్వ.

ఎవరో నవ్వారు. స్వరూప తల్లి ఒళ్ళోంచి లేచింది. హాలు దాటి రాజం ముందుకొచ్చి నిలబడింది. ఇన్ని రోజుల్లో తనంతట తను అతని దగ్గరికి రావడం అదే మొదలు.

"లేస్తదా?" అంది.

రాజం తారాబాయి వైపు చూశాడు. ఆమె విసనకర్ర విసురుకుంటోంది.

"లేస్తది" అన్నాడు.

పిల్ల తల్లి దగ్గరికి తిరిగిపోలేదు. అతన్ని తాకలేదు కూడా. జానెడు దూరంలో నిలబడి ఆరిపోయిన తెర వైపు చూసింది. అరగంట అట్లాగే ఉన్నారు. చెమట కారుతోంది. ఆ అరగంటా రాజం అటూ ఇటూ తిరగలేదు. తిరిగితే పిల్ల కదులుతుందేమో.

కరెంటు వచ్చింది.

గుర్రం అట్లాగే పడి ఉంది. గంపలోంచి బాతు దిగింది. దాని ముక్కు మీద ఎక్కి కూర్చుంది. రెక్కలు విప్పి మంచు పడకుండా కప్పింది. చాలాసేపు ఏమీ జరగలేదు. బాతు ఈక ఒకటి గుర్రం ముక్కులోకి పోయింది. గుర్రం తుమ్మింది. బాతు ఎగిరి మంచుకుప్పలో తలకిందులుగా పడింది. గుర్రం లేచి, ఇదేమిటన్నట్టు బాతు కాళ్ళ వైపు చూసింది.

అందరికంటే ముందు నవ్వింది రాజం. పెద్దగా నవ్వాడు. తన నవ్వు తనకే కొత్తగా వినపడింది. పుస్తకంలో, ఏ వైపు నుంచి చూసినా, ఈ తుమ్ము లేదు.

ఆ తర్వాత అతను పుస్తకం మాట ఎత్తలేదు. సముద్రం కథ మధ్యలోనే వచ్చింది. ఎవరూ దాని ముందు కూర్చోలేదు. ఉప్పు నింపుకున్నారు, చేపలు కాల్చుకు తిన్నారు, వెనక్కి తిరిగారు. ఇల్లు వచ్చింది. వాకిట్లో ఆడమనిషి. అయిపోయిందనుకున్నారు. అయిపోలేదు. తెల్లారి మనిషి మళ్ళీ బయల్దేరాడు. గుర్రం కళ్ళెం పట్టుకున్నాడు. గుర్రం గడప దాకా వచ్చి, గడప మీద కూర్చుంది.

లాగాడు. లేవలేదు. భార్య వెనక నుంచి నెట్టింది. లేవలేదు. బాతు తోక కొరికింది. గుర్రం అటు తిరిగి చూసి ఆవులించింది. మనిషి కాళ్ళు తన్నిపట్టి లాగాడు. కళ్ళెం జారింది. వెల్లకిలా పడ్డాడు. పడ్డచోటే నవ్వడం మొదలుపెట్టాడు. పాట వచ్చింది. అక్షరాలు వచ్చాయి.

"మొత్తం మార్చిండ్రు" అంది తారాబాయి. "ఇదేం కథరా? పుస్తకం రాసినోడు చూస్తే ఏడుస్తడు."

కళ్ళద్దాలు సర్దుకుంది.

"ఇంకోసారి వెయ్యి."

*

రెండోసారి కూడా చూశారు. రాజం రెండోసారీ నవ్వాడు. కానీ ఇంటికి నడుస్తుంటే నవ్వు దారిలోనే అయిపోయింది. గుర్రం ఆ పూట లేవలేదు. సరే. మరుసటి రోజు లేచిందా? బొమ్మ ఆ సంగతి చెప్పలేదు. ఒకరు గీసిన చచ్చిన గుర్రాన్ని ఆ దేశం వాళ్ళే ఇంకొకరు బాతుతో లేపారు. ఎవరినడిగి లేపారు? అట్లా మార్చవచ్చా? మార్చవచ్చంటే, ఎక్కడిదాకా?

టికెట్ పెట్టె అడుగున ఉంది. చింపలేదు.

జూన్ పన్నెండుకు విమానం. తొమ్మిదో తారీఖు పొద్దున రిక్షా అంతయ్య వాకిట్లోకి వచ్చాడు. పెట్టె ఎక్కించాడు. కమలవ్వ మామిడికాయ తొక్కు సీసాకు బట్ట కట్టి ఇచ్చింది. ఏడవలేదు. "పోతున్నవన్నట్టు" అంది. "సూసినవ్ గదా టీవీల."

"టీవీల ఏం చెప్పలే" అన్నాడు రాజం.

సీసా తెచ్చి రిక్షాలో పెట్టాడు. చేతిసంచి లోపల మరిచిపోయాడు. దానికోసం వెనక్కి తిరిగాడు.

గడప మీద స్వరూప కూర్చుంది. రెండు చేతులూ నేలకు ఆనించి, కాళ్ళు ముడిచి, మెడ నిక్కబెట్టి.

"లే బిడ్డా. సంచి తెచ్చుకోవాలె."

"నేను గుర్రం" అంది స్వరూప.

అంతయ్యకు నవ్వొచ్చింది. ఐలవ్వ తన వాకిట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "గుర్రమొక్కటుంటే సాలుతదా? బాతు అద్దా?" అని రెండు మోచేతులూ ఎత్తి ఆడించి, పిల్ల చుట్టూ బక్‌బక్‌మంటూ తిరిగింది. కమలవ్వ ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో మరేమిటో కనపడలేదు.

"రాజమన్నా, బస్సోడు హారన్ కొడుతుండు" అన్నాడు అంతయ్య.

రాజం వంగి పిల్ల చెయ్యి పట్టుకున్నాడు. చిన్న చెయ్యి. ఉయ్యాలలో చూసినప్పటి తర్వాత ఆ చేతిని పట్టుకోలేదు. పిల్ల చెయ్యి వదిలించుకోలేదు. గట్టిగా పట్టుకుని వెనక్కి బరువు వేసింది. లాగాడు. పిల్ల కిలకిల నవ్వింది. లాగాడు. అయిదేళ్ళ పిల్ల. నిజంగా లాగితే లేస్తుంది. అది అతనికి తెలుసు.

హారన్ మళ్ళీ వినిపించింది. దూరంగా, రెండుసార్లు.

లాగడానికి వంగిన మనిషికి ముందుగా కనపడేది తన కాళ్ళే. రాజం బూట్లు కొత్తవి, కువైట్‌వి. మొనలు ఇంటి వైపున్నాయి.

అతను చాలాసేపు వాటినే చూశాడు.

"అంతయ్యా" అన్నాడు. "పెట్టె దించు."

"ఆఁ?"

"దించు. సీసా జర పైలం."

గడప ముందు, దుమ్ములో, బూట్లతోనే కూర్చున్నాడు రాజం. స్వరూప చెయ్యి ఇంకా అతని చేతిలోనే ఉంది. ఆమె నవ్వు ఆపి, ముఖం చిట్లించి, అతన్ని పైనుంచి కిందికి చూసింది.

"గట్ల కాదు" అంది. "టీవీల ఆయన పడ్డడు. నువ్వు కూసున్నవ్."